చదవకుండా పెట్టిన బొటనవేలు

"అక్కా, మీ పేరు చెప్పుకుని ఒడ్డున పడుతున్నాం," అన్నాడు చిన్నోడు, ఆఫీసు క్యాంటీన్ వరసలో ట్రే పట్టుకుని నిలబడి.

టెస్టింగ్ అక్క వెనక్కి తిరిగింది. ఆవిడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. అంటే, పక్కవాళ్ళు చెమటోడ్చి రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. "ఇంట్లో చేస్తే సాధింపు అంటారు, ఆఫీసులో చేస్తే జీతం ఇస్తారు," అని ఆవిడే నవ్వుతూ చెబుతుంది. ఆవిడ ఓకే అనందే ఆ కంపెనీలో ఏ పనీ గడప దాటదు. మేనేజరు వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలినా దాటదు. అందుకే అక్కడున్న మనవాళ్ళు ఆవిడ అసలు పేరు మరిచిపోయి చాలాకాలమైంది.

"ఏమైందిరా? ఏ ఒడ్డు?"

"అదే అక్కా, కోల్డ్ స్టోరేజీ ప్రాజెక్టు. మీరు చూసి ఓకే అన్నారు కదా, మేమింక రెండో ఆలోచన పెట్టుకోలేదు. ఆ డబ్బు కోసం మా మామగారు ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్టు అమ్మేస్తున్నారు. వచ్చే సోమవారం రిజిస్ట్రేషను. శనివారం సంతకాలు చేసేస్తే, వచ్చే వారం డబ్బు కట్టేస్తాం."

"నేనెప్పుడు ఓకే అన్నాను?"

"గ్రూపులో అక్కా! బొటనవేలు పెట్టారుగా."

ఆవిడ చేతిలో ట్రే ఉంది, వెనకాల జనం ఉన్నారు. ముందుకు నడవాలి కాబట్టి నడిచింది. ప్లేటులో ఏం పెట్టించుకుందో ఆవిడకే తెలీదు.

ఆ బొటనవేలు సంగతి ఆవిడకి గుర్తుంది. ఆ రోజు పొయ్యి మీద పాలున్నాయి. ఫోన్లో మనవాళ్ళ గ్రూపులోకి లావుపాటి ఫైలొకటి వచ్చి పడింది, ప్రాజెక్టు ఒప్పందం తాలూకుది. అందింది అన్నట్టుగా ఒక బొటనవేలు బొమ్మ నొక్కి, పరుగున వెళ్ళి పాలు దించింది. పాలు పొంగకుండా చూసుకుంది గానీ ఫైలు మాత్రం చూడలేదు.

వీళ్ళ వృత్తిలో ఒక అలవాటుంది. ఎవరు రాసిన ప్రోగ్రామునైనా ఇంకొకళ్ళు చదివి, బాగుందని బొటనవేలు పెడితేనే అది లోపలికి వెళుతుంది. మంచి పద్ధతే. కాకపోతే శుక్రవారం సాయంత్రాలు బ్యాగు సర్దుకునే వేళ, గట్టి మనిషి ఎవరో ఒకరు అప్పటికే వేలు పెట్టి ఉంటే, మిగతావాళ్ళు తెరిచి కూడా చూడకుండా తమ వేలూ పెట్టేసి బస్సెక్కేస్తారు. గ్రూపులోనూ అదే జరిగింది. టెస్టింగ్ అక్క వేలు పడ్డ గంటలో మిగతా తొమ్మిది కుటుంబాల వేళ్ళూ టపటపా పడిపోయాయి.

అసలీ కోల్డ్ స్టోరేజీ గొడవ ఏమిటో చెప్పాలి. మనవాళ్ళు వలసొచ్చిన ఈ దేశంలో శాశ్వతంగా ఉండే కార్డు కావాలంటే రెండు దారులు. ఒకటి కంపెనీ ద్వారా. అందులో పుట్టిన దేశాన్ని బట్టి క్యూ కడతారు. మనవాళ్ళు ఎక్కువ కాబట్టి మన క్యూ చాంతాడంత. ఆ క్యూలో నల్ల జుట్టుతో నిలబడి తెల్ల జుట్టుతో ఇంకా నిలబడే ఉన్నవాళ్ళున్నారు. రెండోది పెట్టుబడి దారి. ఇక్కడివాళ్ళకి ఉద్యోగాలు కల్పించే ఏదో ఒక ప్రాజెక్టులో ఇల్లు కొనగలిగేంత డబ్బు పెడితే, క్యూ లేకుండా కార్డు ఇస్తారు. డబ్బు కొన్నేళ్ళ తర్వాత వెనక్కి వస్తుంది. వస్తుందని అంటారు.

టెస్టింగ్ అక్కకి కార్డు తన కోసం అక్కర్లేదు. ఉద్యోగం ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొస్తారు, మొగుడూ పెళ్ళామూ. బెంగంతా చిట్టి గురించి. చంకనెత్తుకుని ఈ దేశంలో దిగిన పిల్ల. ఇక్కడే మాటలు నేర్చింది, ఇక్కడే పళ్ళూడగొట్టుకుంది. ఇప్పుడు కాలేజీలో, వినికిడి తక్కువైనవాళ్ళకి మిషన్లు అమర్చే చదువు చదువుతోంది. తల్లిదండ్రుల వీసా నీడలో ఉండే హక్కు ఇరవై ఒకటి నిండేదాకానే. వచ్చే నెలలో ఆ పుట్టినరోజు. కేకు కోసేపాటికి ఆ పిల్ల ఈ దేశానికి పరాయిది. ఆలోపు పెట్టుబడి దరఖాస్తు పడితే మాత్రం, చట్టం లెక్కలో పిల్ల వయసు అక్కడితో ఆగిపోతుంది. వయసు ఆపే మందు ఇన్ని కంపెనీలూ కనిపెట్టలేకపోయాయి గానీ ఈ దేశపు చట్టం కనిపెట్టింది. పైగా పెద్దాసుపత్రిలో చిట్టికి శిక్షణకి సీటొచ్చింది. అది శాశ్వత కార్డుకి దరఖాస్తు పడ్డవాళ్ళకే ఇస్తారు.

ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగింది.

"ఏవండీ, ఆ ప్రాజెక్టు ఫైలు మీరు చదివారు కదూ?"

ఆవిడ భర్తని అందరూ ఆర్కిటెక్టు గారంటారు. ఇళ్ళు కట్టే ఆర్కిటెక్టు కాదు. జన్మలో ఇటుక మీద ఇటుక పెట్టిన పాపాన పోలేదు. బోర్డు మీద పెట్టెలు గీసి, పెట్టెకీ పెట్టెకీ మధ్య బాణాలు గీస్తే, దాన్ని చూసి కిందివాళ్ళు ప్రోగ్రాములు రాస్తారు.

"నువ్వు చదివావుగా," అన్నాడాయన టీ కలుపుకుంటూ.

"నేనెక్కడ చదివాను? మీరు చదివారనుకున్నాను."

"నువ్వు వేలు పెట్టాక నేను మళ్ళీ చదివితే, నా మీద నమ్మకం లేదా అని మొహం మాడ్చుకోవూ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వొచ్చే సందర్భమే. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి ఫైలు ముందేసుకుని కూర్చుంది. ఏ ప్రోగ్రామునైనా ఆవిడ చివర్నుంచి పరీక్షిస్తుంది. లోపలికి దారి అందరూ దివ్యంగానే కడతారు, పనితనం తెలిసేది బయటికి వచ్చే దారిలోనే. అలా చివర్నుంచి చదువుకుంటూ వస్తే, డబ్బు వెనక్కిచ్చే వరస దొరికింది. ముందు బ్యాంకు అప్పు. తర్వాత స్టోరేజీ కట్టిన కాంట్రాక్టర్ల బాకీలు, ఆ తర్వాత నడిపే కంపెనీ ఖర్చులు. అన్నీ పోగా మిగిలితే, పెట్టుబడిదారులు. ఆ "మిగిలితే" అన్న ఒక్క ముక్కే చట్టం భాషలో మూడు వాక్యాలు పరుచుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

సాయంత్రం ఏజెంటుకి ఫోను చేసింది. ఏజెంటు మనవాడే. ఎండలు మండుతున్నా కోటు విప్పడని అతనికి కోటు గారని పేరు.

"ఈ దారిలో వెళ్ళి బయటికొచ్చినవాళ్ళని ఒక్కరిని చూపించండి," అంది.

"ఒక్కరేంటి మేడమ్, చాలామంది ఉన్నారు."

"చాలామంది వద్దు. డబ్బు పెట్టి, కార్డు తీసుకుని, డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్ళు ఒక్కరు."

కోటు గారు కాసేపు దగ్గి, ఒకాయన నంబరిచ్చాడు. అంతకుముందు పార్కింగ్ భవనం ప్రాజెక్టులో డబ్బు పెట్టిన మనిషి. కార్డొచ్చి చాలాకాలమైంది, హాయిగా ఉన్నాడు, కావాలంటే అడగండి అన్నాడు. మనవాళ్ళు ఆయన్ని పాతకాపు అంటారు. ఈ ఊళ్ళో పెట్టుబడి దారి తొక్కేవాళ్ళలో చాలామంది ముందు ఆయన్నే అడుగుతారు.

గురువారం సాయంత్రం మొగుడూ పెళ్ళామూ పాతకాపు ఇంటికెళ్ళారు. మూడో అంతస్తులో చిన్న అపార్ట్‌మెంటు. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు, సోఫా మీద ఉతికిన బట్టల గుట్ట. ఆయన మాజీ డేటాబేస్ మనిషి, మాట నెమ్మది. గుట్టని పక్కకి జరిపి కూర్చోమన్నాడు. కార్డెలా వచ్చిందో, ఆ రోజు ఇంట్లో ఎంత సంబరపడ్డారో చెప్పుకొచ్చాడు.

"మరి డబ్బు వచ్చిందా అండీ?" అంది టెస్టింగ్ అక్క.

ఆయన లేచి వెళ్ళి కిటికీ మూశాడు. గాలేం లేదు.

"రాలేదమ్మా."

"గడువు దాటిందా?"

"ఎప్పుడో. అడిగితే భవనం అమ్ముడుపోగానే అంటారు. అమ్ముడుపోతే బ్యాంకు వాళ్ళది తీరాలంటారు. నేను దానికి నీళ్ళొదిలేశాను."

"మరి అందరికీ బాగుందని చెప్తున్నారట!" ఆర్కిటెక్టు గారి గొంతు కొంచెం లేచింది.

"కార్డొచ్చిందా అంటారు బాబూ. వచ్చిందంటాను. అబద్ధమేం కాదుగా. డబ్బు సంగతి మీ ఆవిడ తప్ప ఒక్కళ్ళూ అడగలేదు. అడగనిది చెప్పుకుని పరువెందుకు తీసుకోవడం? అంత చదువుకున్నవాడివి ఆ మాత్రం చూసుకోలేదా అంటారు." గుమ్మం వైపు చూపించాడు. "అదిగో, మా అబ్బాయి బూట్లు. రోజూ సాయంత్రం అక్కడ కనబడతాయి. మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెడతాను. ఆ మాట కూడా నిజమే."

తిరిగొస్తూ కారులో సిగ్నలు దగ్గర ఆవిడే మొదలెట్టింది.

"మనం పెడదామండీ. పోతే పోయిందనుకుందాం. ఇంకా కొన్నాళ్ళు ఉద్యోగాలుంటాయి, కూడబెట్టుకుంటాం. చిట్టి కోసం ఆ మాత్రం చెయ్యలేమా?"

ఆర్కిటెక్టు గారు గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించావు. నేనూ అదే అనుకుంటున్నా."

"కానీ వాళ్ళకి చెప్పాలి."

"ఎవరికి?"

"అందరికీ. చిన్నోడికి. వాడి మామగారి బతుకంతా ఆ కొట్టే. పోతే పోయిందనుకోవడానికి వాళ్ళ దగ్గర ఇంకేముంది? నా వేలు చూసి అమ్మేస్తున్నారు."

ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. పక్కనే బట్టలుతికే దుకాణం. అద్దాల వెనక మిషన్లలో ఎవరివో దుప్పట్లు తిరుగుతున్నాయి. వాటినే చూస్తూ మాట్లాడాడు.

"పదిమంది ఉంటేనే ఫైలు కదిలేది. ఒక్కడు తగ్గినా కదలదు. కొత్త రూలు ప్రకారం నెలాఖరు దాటితే కట్టాల్సింది రెట్టింపు. అది మనవల్ల కాదు. ఈలోపు ఇంకో ప్రాజెక్టు దొరకదు. దొరికినా నువ్వు చదివేసరికి చిట్టికి ఇరవై ఒకటి వచ్చేస్తుంది. నువ్వు శనివారం నోరు తెరిచావంటే మన పిల్ల సంగతి అంతే. తెలుసా?"

"తెలుసు."

"సంతకాలయ్యాక చెప్పు. డబ్బు కట్టాక చెప్పు. అప్పుడు చెప్పినా నిజం నిజమే కదా."

ఆ మాట ఆవిడకి నచ్చింది. నిజంగా నచ్చింది. దాన్ని పట్టుకుని వేలాడాలనిపించింది. శుక్రవారం పొద్దున్నుంచీ ఆవిడ మనసులో అదే మాట తిప్పుకుంటూ తిరిగింది. చిన్నోడు పెద్దవాడు, పెళ్ళయి పిల్లున్నవాడు, తన ఫైలు తను చదువుకోవాలి గానీ నా వేలుతో వాడికేం పని అనుకుంది. కోటు గారిదీ తప్పు లేదు, అన్నీ రాసే ఇచ్చాడు అనుకుంది. ఎన్నైనా అనుకోవచ్చు. తన పిల్ల గుమ్మంలో చెప్పులు విడిచే చోటు పోతుందంటే ఏ తల్లి అనుకోదు?

మధ్యాహ్నం చిన్నోడి భార్య ఫోను చేసింది. ఈవిడ చిన్నోడికి వరసకి అక్క కాబట్టి ఆ అమ్మాయికి వదిన.

"వదినా, మా నాన్న కొట్లో సామానంతా తూకానికి అమ్మేశారట. బోర్డు దింపేటప్పుడు మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. నేనన్నాను, నాన్నా, భయమేం లేదు, మా వదిన చూసిందే, ఆవిడ కన్నుగప్పి చీమ కూడా పోదు అని. అప్పుడు కాస్త స్థిమితపడ్డారు."

టెస్టింగ్ అక్క ఫోను పెట్టేసి, స్నానాలగదిలోకి వెళ్ళి మొహం కడుక్కుంది. ఇంక అనుకోవడానికేం మిగల్లేదు. చెప్పాలి. సంతకాల ముందే చెప్పాలి. గడువు దాటాక చెప్పే నిజం వల్ల ఎవరికేం లాభం? చిన్నోడికి ఇప్పుడే ఫోను చేసి చెప్పెయ్యొచ్చు గానీ, వాడొక్కడి సంగతి కాదిది. మిగతా తొమ్మిది కుటుంబాలూ తన వేలు చూసే దిగాయి.

శనివారం కోటు గారి ఆఫీసులో పొడుగాటి బల్ల. పది ఫైళ్ళు, పది పెన్నులు, పది నీళ్ళ సీసాలు సర్దిపెట్టారు. అందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. ఎవరో మిఠాయి డబ్బా కూడా తెచ్చారు. ఆర్కిటెక్టు గారు భార్య పక్కన కూర్చుని, బల్ల కింద ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకున్నాడు. బతిమాలుతున్నట్టుంది ఆ పట్టు. ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. అలాగే పట్టుకునుండగానే లేచి నిలబడింది.

"ఒక్క మాట. గ్రూపులో వేలు పెట్టిన రోజు నేను ఈ ఫైలు తెరవలేదు. పాలు పొంగుతుంటే నొక్కేశాను. అందింది అని చెప్పడానికి నొక్కాను. దాన్ని చూసి నేను చదివాననుకున్నారు మీరు."

కొందరు నవ్వారు. జోకనుకున్నారు.

"జోకు కాదు. ఈ వారం చదివాను. నలభై ఎనిమిదో పేజీ తియ్యండి. బ్యాంకుకి పోగా, కాంట్రాక్టర్లకి పోగా, వీళ్ళ ఖర్చులకి పోగా మిగిలితేనే మనకి. పాతకాపు గారికి కార్డొచ్చింది, డబ్బు రాలేదు. ఇంకా రాలేదు. నేను స్వయంగా అడిగాను."

కంప్యూటర్ సర్వర్లు చూసే ఒకాయన మెల్లిగా అన్నాడు. "అదేంటండీ, నేను మిమ్మల్ని చూసే పెట్టాను!"

"నేను నిన్ను చూసి పెట్టాను," అన్నాడు పక్కాయన.

"నేను మీ ఇద్దర్నీ చూసి పెట్టాను," అంది ఎదురుగా కూర్చున్నావిడ.

అలా బల్ల చుట్టూ తిరిగొచ్చింది. అందరూ ఇంజనీర్లే. ఒక్కరూ ఫైలు తెరవలేదు. చదువురానివాళ్ళని వేలిముద్రగాళ్ళని వెక్కిరిస్తాం గానీ, పాపం వాళ్ళు వేలు పెట్టేముందు ఇదేంటి బాబూ అని ఒకసారైనా అడుగుతారు.

"మేడమ్," అన్నాడు కోటు గారు, కోటు సర్దుకుంటూ, "రిస్కు లేని పెట్టుబడి ఎక్కడుందండీ? అన్నీ రాసే ఇచ్చాం కదా."

"ఇచ్చారు. మీదేం తప్పు లేదు. మేమే చదవలేదు." ఆవిడ ముందున్న పెన్ను తీసుకుంది. "నేను సంతకం పెడుతున్నాను. మా అమ్మాయి కోసం, ఈ డబ్బు పోయిందనుకునే పెడుతున్నాను. అలా అనుకోగలిగినవాళ్ళు పెట్టండి. అనుకోలేనివాళ్ళు నన్ను చూసి మాత్రం పెట్టకండి."

నిలబడే వంగి, ఆవిడ సంతకం చేసింది. ఆర్కిటెక్టు గారు తలొంచుకుని ఆవిడ సంతకం కింద తనదీ చేశాడు.

చిన్నోడు నలభై ఎనిమిదో పేజీ తీసి, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుని చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. తర్వాత ఫైలు మూసి భార్య వైపు చూశాడు. ఆ అమ్మాయి అప్పటికే ఫోను తీసుకుని వాళ్ళ నాన్నకి చెయ్యడానికి వరండాలోకి పరుగెత్తుతోంది. సర్వర్లాయన లేచాడు. ఇంకో ఇద్దరు లేచారు. కోటు గారు బల్ల మీద సంతకాలు పడ్డ ఫైళ్ళు లెక్కపెట్టుకుని పెదవి విరిచాడు.

"ఆరు. ఆరుతో నేనేం చెయ్యలేను. ఫైలు కదలదు."

సంతకం చేసినవాళ్ళలో ఒకావిడ ఇంకా కూర్చునే ఉంది. ఆవిడ కొడుక్కీ ఈ ఏడాదే ఇరవై ఒకటి. ఆవిడ అరవలేదు, చాలా మామూలుగా అంది. "మీ మంచితనం మా పిల్లల నెత్తిన పెట్టారు కదా, అక్కా."

టెస్టింగ్ అక్క పెన్ను మూతపెట్టి బల్ల మీద పెట్టింది. ఆవిడన్నది నిజమే.

కారులో ఆర్కిటెక్టు గారు ఒకే ఒక్క మాటన్నాడు. "చిట్టికి నువ్వే చెప్పు."

చిట్టి వంటింటి బల్ల దగ్గర, మైనంతో చేసిన చెవి నమూనా ముందు పెట్టుకుని, అందులో చిన్న మిషను అమర్చడం సాధన చేస్తోంది. తల్లి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, చుట్టూ తిప్పకుండా మొత్తం చెప్పింది. పాల దగ్గర్నుంచి సంతకాల దాకా. చిట్టి చేతిలో మిషను కింద పెట్టింది.

"నువ్వు చెప్పకపోయుంటే గడువులోగా ఫైలు పడేదా?"

"పడేది."

"ఆసుపత్రి సీటు ఉండేదా?"

"ఉండేది."

"అయితే చిన్నమామ వాళ్ళ మామగారి కొట్టు నీకు నాకంటే ఎక్కువైందా?"

"కాదు," అంది తల్లి. "నీకంటే నాకు ఏదీ ఎక్కువ కాదు. నా డబ్బు, నా ఇల్లు, నా ఉద్యోగం, ఏది అడిగినా ఇచ్చేస్తాను. కానీ ఆ కొట్టు నాది కాదు తల్లీ. నాది కానిది తెచ్చి నీకెలా ఇవ్వను?"

"పెద్ద మాటలు చెప్పకమ్మా." చిట్టి కుర్చీ వెనక్కి నెట్టింది. "మీరు నన్ను ఇక్కడికి తెచ్చారు. నేను వస్తానని అడగలేదు. ఇప్పుడు నేనే వెళ్ళిపోవాలి, మీరు ఉంటారు. బాగుంది."

లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు. గట్టిగా వేసుంటే తల్లికి కొంచెం తేలిగ్గా ఉండేది. ఆ మైనం చెవి ముందు కూర్చుని ఆవిడ ఏడ్చింది, బాగా ఏడ్చింది. ఏడ్చినంతసేపూ ఒక్కసారి కూడా, చెప్పకుండా ఉండాల్సింది అనిపించలేదు. అలా అనిపించనందుకు తన మీద తనకే భయమేసింది.

ఆ తర్వాతి రోజులు ఇల్లు ఇల్లులా లేదు. చిట్టి ముక్తసరిగా మాట్లాడేది. అన్నం తింటావా అంటే ఊ, తాళాలెక్కడ అంటే అక్కడ. చిన్నోడు ఒకసారి గుమ్మందాకా వచ్చి, లోపలికి రాలేక, మామగారు కొట్టు బోర్డు మళ్ళీ ఎక్కించారని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట చిట్టి గదిలోంచి వింది. బయటికి రాలేదు. ఆసుపత్రి సీటు ఇంకొకరికి ఇచ్చేశారని ఉత్తరం వచ్చింది. నెలాఖరు గడిచిపోయింది.

ఒక ఆదివారం పొద్దున్న టెస్టింగ్ అక్క పెసలు నానబోస్తుంటే, చిట్టి లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. మొహంలో నవ్వు లేదు, కోపం కూడా ముందరంత లేదు.

"నాకింకా కోపం తగ్గలేదు," అంది. "కొన్నాళ్ళు తగ్గదు. ఆ సంగతి వేరు."

"సరే."

"విద్యార్థి వీసాకి అప్లికేషను నింపాను, నా పేరు మీద. ఫీజు ఎక్కువవుతుంది, నాన్న కడతానన్నాడు. చదువు పూర్తి చేసుకుంటాను. తర్వాత ఎక్కడికి వెళ్ళాలో నేనే చూసుకుంటాను. చెవులు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి." లాప్‌టాప్ తల్లి వైపు తిప్పింది. "నాన్న చూస్తానన్నాడు. వద్దన్నాను. నువ్వు చదువు. నువ్వు మొత్తం చదివి బాగుందంటేనే పంపుతాను."

ఆవిడ చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. చివర్నుంచి మొదలెట్టింది. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు అంకెలు, కాలేజీ పేరు, ఒక్కటొక్కటే సరిచూసింది. ఒకచోట ఇంటి నంబరు తప్పు పడితే దిద్దించింది. చిట్టి పక్కనే నిలబడి, గోరు కొరుక్కుంటూ చూస్తోంది.

సంతకానికి పైన ఒక వాక్యం మిగిలింది. చదువు పూర్తి కాగానే ఈ దేశం విడిచి వెళతానని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. ఎదురుగా గడిలో చిట్టి టిక్కు పెట్టి ఉంది. ఆ వాక్యం దగ్గర టెస్టింగ్ అక్క ఆగిపోయింది. ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని వేల తప్పులు పట్టిందో గానీ, ఒక్క తప్పు దొరికితే బాగుండునని ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు. దొరకలేదు.

"అంతా సరిగ్గా ఉంది," అంది కళ్ళజోడు తీసి. "పంపెయ్ తల్లీ."